పాత కారు అమ్మి మరో పాత కారు కొనడంలోని లెక్క

పాత కారు అమ్మి కొత్త కారు కొన్నామంటే మన ఇళ్లలో స్వీట్లు పంచుతారు. పాత కారు అమ్మి ఇంకో పాత కారు కొన్నామంటే మాత్రం "ఇదేం బేరం?" అంటారు. అందులోనూ అది ఇద్దరు మాత్రమే కూర్చోగల స్పోర్ట్స్ కారైతే ఇక చెప్పక్కర్లేదు. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర ఉంటున్న మా బావమరిది తన 2003 మోడల్ పోర్షే బాక్‌స్టర్ ఎస్ అమ్మేసి, 2009 మోడల్ బాక్‌స్టర్ కొంటానన్నాడు. రెండూ సెకండ్ హ్యాండే. రెండింటి శక్తీ దాదాపు ఒకటే. పాతది 258 హార్స్ పవర్, కొత్తది 255. అంటే 11,000 డాలర్లు ఎక్కువ పెట్టి మూడు హార్స్ పవర్ తక్కువ ఉన్న కారు కొనడమన్నమాట!

రిటైరైన మా మామగారు "వీడికి ఎవరైనా చెప్పండయ్యా" అన్నారు. మా బావమరిదేమో "బావగారూ, మీరు రోజూ అప్పుల ఫైళ్లు చూస్తారు కదా, దీన్ని కూడా ఒక ఫైలు అనుకుని చూసి చెప్పండి" అన్నాడు. వాళ్ల అమ్మాయి వచ్చే ఏడాది కాలేజీలో చేరబోతోంది. అత్యవసరాల కోసం పక్కన పెట్టుకున్నది 10,000 డాలర్లు. ఈ కారు ఇంజన్ ఒక్కసారి పోతే ఆ సొమ్మంతా పోతుంది. అందుకే ఈ ఫైలును సీరియస్‌గానే చూశాను. ఆ లెక్క మన పాఠకులకు ఇక్కడి కార్ల విషయంలోనూ పనికొస్తుందని ఇక్కడ వివరిస్తున్నాను.

ఆ కారు కథ

1990ల మొదట్లో పోర్షే కంపెనీ అమ్మకాలు పడిపోయి గడ్డుకాలంలో ఉంది. 1993లో వెండెలిన్ వీడెకింగ్ పగ్గాలు చేపట్టి, టొయోటా పద్ధతులు తెలిసిన జపాన్ నిపుణులను రప్పించి, ఫ్యాక్టరీలో వృథాను తగ్గించారు. మేనేజ్‌మెంట్ చదువుకున్నవాళ్లకు ఇది పాత పాఠమే. ఆ దశలోనే రెండు కార్లను కలిపి రూపొందించారు. 1996లో తక్కువ ధర బాక్‌స్టర్, 1997లో కొత్త 911 వచ్చాయి. ముందు భాగంలో చాలా విడిభాగాలు రెండింటికీ ఒకటే. నీటితో చల్లబడే కొత్త తరం ఆరు సిలిండర్ల ఇంజన్ కూడా ఒకే కుటుంబానిది. దాని పేరు ఎం96. బాక్‌స్టర్ బాగా అమ్ముడుపోయి కంపెనీని నిలబెట్టింది. ఆ కార్లే ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటి, మామూలు ఉద్యోగి కూడా కొనగలిగే ధరకు దిగాయి. మా బావమరిది చదువుకునే రోజుల్లో గోడమీద బొమ్మ పెట్టుకున్న కారు ఇలాగే అతని గ్యారేజీలోకి వచ్చింది.

చిక్కు ఎక్కడుంది?

ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ కదలడం వల్ల తిరిగేది క్రాంక్ షాఫ్ట్. గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులను తెరిచేది క్యామ్ షాఫ్ట్. ఈ రెండూ ఒక లయలో తిరగాలి. లయ తప్పితే తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి గుద్దుతుంది. అంతటితో ఇంజన్ పని అయిపోతుంది.

చాలా కార్లలో క్రాంక్ షాఫ్ట్ నుంచి క్యామ్ షాఫ్ట్‌కు నేరుగా ఒక గొలుసో బెల్టో ఉంటుంది. ఎం96లో అలా కాదు. మధ్యలో ఇంకో ఇరుసు ఉంది. క్రాంక్ షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది, అది గొలుసుల ద్వారా క్యామ్ షాఫ్ట్‌లను తిప్పుతుంది. ఈ మధ్య ఇరుసునే ఇంటర్మీడియట్ షాఫ్ట్, పొట్టిగా ఐఎంఎస్ అంటారు. గేరుబాక్సు వైపు దాని చివరను ఒక బాల్ బేరింగ్ మోస్తుంది.

ఆ బేరింగ్‌లో గ్రీజు నింపి, సీలు వేసి మూసేశారు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు గట్టిపడుతుంది, ఇంజన్ ఆయిల్ సన్నగా లోపలికి చేరుతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది. చేరిన ఆయిల్ అక్కడే నిలిచి పాడవుతుంది. గుండ్లు అరుగుతాయి. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ బేరింగ్ పోతే గరగరమని చప్పుడు చేస్తుంది, మనిషిని పిలిచి మార్పిస్తాం. ఇక్కడ చాలాసార్లు ముందుగా చప్పుడే ఉండదు. బేరింగ్ విరిగితే ఇరుసు ఊగుతుంది, గొలుసు పళ్లు తప్పుతుంది, లోహపు ముక్కలు ఆయిల్‌తో కలిసి ఇంజనంతా తిరుగుతాయి. చిన్న విడిభాగం కోసం మొత్తం ఇంజనే మార్చాల్సి వస్తుంది.

ఈ బేరింగ్ మూడు రకాలుగా వచ్చింది. తొలి సంవత్సరాల కార్లలో రెండు వరుసల గుండ్లున్న బేరింగ్. సుమారు 2000 నుంచి 2005 వరకు ఒకే వరుస బేరింగ్. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. 2006 నుంచి 2008 మోడళ్ల వరకు ఇంకాస్త పెద్ద బేరింగ్. దీనితో ప్రమాదం బాగా తగ్గింది కానీ, మార్చాలంటే ఇంజన్‌ను రెండుగా విప్పాల్సిందే.

అమెరికాలో దీనిమీద యజమానులంతా కలిసి వేసిన కేసు 2013లో రాజీతో ముగిసింది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్లకు ఆ రాజీ వర్తించింది. అయితే కారు రోడ్డెక్కిన 10 ఏళ్లలోపు మాత్రమే. మా బావమరిది కారుకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అంటే ఇప్పుడు ఏం జరిగినా ఖర్చు తనదే. ఆ కేసు దరిమిలా అందరూ చెప్పుకునే అంకె ఏమిటంటే, ఒకే వరుస బేరింగుల్లో విఫలమైనవి సుమారు 8 శాతం, రెండు వరుసలవాటిలో 1 శాతం లోపు.

2009లో ఏం మారింది?

2009 మోడల్ నుంచి బాక్‌స్టర్‌కూ, దాని అన్న 911కూ కొత్త ఇంజన్ కుటుంబం వచ్చింది. దాని పేరు 9ఏ1. అందులో ఆ మధ్య ఇరుసే లేదు. క్రాంక్ షాఫ్ట్ నుంచి గొలుసులు నేరుగా క్యామ్ షాఫ్ట్‌లకు వెళతాయి. విరగడానికి ఆ బేరింగే లేనప్పుడు అది విరుగుతుందన్న భయమూ లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 2008 మోడల్‌కూ 2009 మోడల్‌కూ మధ్య ఒక్క ఏడాదే తేడా అయినా అవి రెండు వేరు తరాలు. 2004 నుంచి 2007కు మారితే మూడేళ్లు కొత్త కారు వస్తుంది కానీ, అదే మధ్య ఇరుసు కూడా వస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఎన్నేళ్లు కొత్తదని కాక, ఏ తరం ఇంజనని అడగాలి. అమ్మకం తేదీ కూడా మోసం చేస్తుంది. 2008 మోడల్ కారు షోరూంలో మిగిలిపోయి 2009లో అమ్ముడుపోయి ఉండొచ్చు. అమెరికా కార్లలో 17 అక్షరాల చాసిస్ నంబర్లో పదో అక్షరం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2008కి 8, 2009కి 9, 2010కి ఇంగ్లీషు ఏ అక్షరం ఉంటుంది.

కొత్త ఇంజన్‌కు రోగాలే రావని కాదు. పాత తరంలో కొన్ని ఇంజన్లకు సిలిండర్ గోడలు గీరుకుపోయే జబ్బు ఉండేది. కొత్త తరంలో ఆ గోడల లోహం మార్చారు, సమస్య తగ్గింది, పూర్తిగా పోలేదు. కొత్త 3.4 లీటర్ల ఎస్ మోడల్‌లో ఇంధనాన్ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే పద్ధతి ఉంది. దాని హై ప్రెషర్ పంపు ఖరీదైన వస్తువు. 2.9 లీటర్ల మామూలు మోడల్‌లో ఆ పంపే లేదు. పీడీకే అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు చాలా బాగుంటుంది కానీ రిపేరు వస్తే బిల్లు భారీగా ఉంటుంది. అందుకే మా బావమరిది వెతికింది 2.9 లీటర్ల ఇంజన్, చేతి గేర్లు ఉన్న కారు. శక్తి కోసం కాదు, చెడిపోయే భాగాలు తక్కువగా ఉండాలని.

మన భాషలో లెక్క

ఒక అప్పు మొండి బకాయి అయ్యే అవకాశం ఎంత, అయితే మనకు పోయేది ఎంత అని చూసి, రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేదే ఎక్స్‌పెక్టెడ్ లాస్. ఇదే సూత్రం ఇక్కడా వాడాను.

పాత కారు ధర 11,000 డాలర్లు. ఇంజన్ మార్చడానికి అతనికి వచ్చిన కొటేషన్ 16,000. కారు ధరకన్నా ఇంజన్ ధర ఎక్కువ కాబట్టి ఎవరూ మార్చరు. ఇంజన్ పోయిన కారును విడిభాగాలకు అమ్మితే 4,000 వస్తాయనుకుంటే, పోయేది 7,000. దానిలో 8 శాతం 560 డాలర్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 560 డాలర్ల ప్రమాదం తప్పించుకోవడానికి 11,000 ఎక్కువ పెట్టాలా అంటే, ససేమిరా వద్దనే చెప్పాలి. ఇంజన్ భయం ఒక్కటే కారణమైతే పాత కారులోనే మెరుగైన బేరింగ్ వేయించుకోవడం చౌక. ఆ బేరింగ్ మార్చాలంటే గేరుబాక్సు, క్లచ్, ఫ్లై వీల్ దించాలి. క్లచ్ మార్చేటప్పుడే ఆ పనీ చేయిస్తే కూలి ఒకసారే పడుతుంది. ఎలాగూ అతని క్లచ్ అరిగిపోయింది. రెండూ కలిపి కొటేషన్ 3,800.

కానీ లెక్క ఇంతటితో అయిపోలేదు. కొత్త కారుకు ఎక్కువ పెట్టే 11,000 అంతా ఖర్చు కాదు. అందులో చాలా భాగం ఆస్తిగానే మిగులుతుంది. అసలు ఖర్చు ఏమిటో నాలుగేళ్లకు విడదీసి చూశాం.

కొత్త కారు ధర 22,000. టెక్సస్‌లో వాహనాల అమ్మకపు పన్ను 6.25 శాతం కాబట్టి పన్ను 1,375. నాలుగేళ్లలో అదనంగా తగ్గే విలువ 3,000. 11,000 మీద ఏటా 4 శాతం చొప్పున వదులుకునే వడ్డీ 1,760. ఇన్సూరెన్స్ తేడా 800. కొనేముందు తనిఖీలకు 500. చిన్న రిపేర్లకు 800. మొత్తం 8,235 డాలర్లు.

పాత కారును ఉంచుకుంటే క్లచ్, బేరింగ్ 3,800. ఇరవై ఏళ్లు దాటిన సస్పెన్షన్, రేడియేటర్లు, కూలెంట్ ట్యాంకు వంటివాటికి 2,500. దాని ధర ఇక పెద్దగా తగ్గదు. మొత్తం 6,300.

తేడా 1,935. నాలుగేళ్లకు పంచితే నెలకు సుమారు 40 డాలర్లు. మామూలు సర్వీసింగ్ రెండింటికీ ఒకటే కాబట్టి అది కలపలేదు.

ఇలా పెట్టేసరికి ప్రశ్న మారిపోయింది. 11,000 డాలర్లు పెట్టాలా అన్నది పోయి, నెలకు 40 డాలర్లు పెట్టాలా అన్నది వచ్చింది. ఆ 40కి వచ్చేది ఆరేళ్లు కొత్త బాడీ, మెరుగైన ఎయిర్‌బ్యాగులు, బేరింగ్ గురించి ఆలోచించాల్సిన అవసరం లేకపోవడం.

సగటు వేరు, దెబ్బ వేరు

మన బ్యాంకు సగటు నష్టానికి ప్రొవిజన్ చేస్తుంది. ఊహించని నష్టానికి మూలధనం ఉంచుకుంటుంది. వేల అప్పులున్న బ్యాంకుకు సగటు పని చేస్తుంది. ఒకే కారున్న కుటుంబానికి సగటు ఉండదు. పోతే మొత్తం 7,000 పోతుంది, లేదంటే ఏమీ పోదు. 10,000 డాలర్ల అత్యవసర నిధి ఉన్న ఇంట్లో, అమ్మాయి ఫీజు కట్టాల్సిన నెలలోనే ఆ దెబ్బ తగిలితే అది మామూలు దెబ్బ కాదు.

మా చెల్లెలు, అంటే అతని భార్య, మూడో దారి చెప్పింది. "అన్నయ్యా, రెండూ వద్దు, అమ్మేసి ఊరుకుంటే?" అంది. లెక్క ప్రకారం అదే అన్నిటికన్నా చౌక. నేను ఆ మాటే ఇద్దరికీ చెప్పాను. బ్యాంకులో అప్పు ఇవ్వకపోవడం అన్నిటికన్నా సురక్షితం, కానీ ఆ వ్యాపారం బ్యాంకు వ్యాపారం కాదు. చివరికి వాళ్లే కూర్చుని మూడు షరతులు పెట్టుకున్నారు. కారు కోసం అప్పు చేయకూడదు. అత్యవసర నిధిని ముట్టుకోకూడదు. అమ్మాయి మొదటి ఏడాది ఫీజు విడిగా డిపాజిట్ చేశాకే కారు చూడాలి. ఆ షరతుల వల్ల కొనడం ఏడు నెలలు ఆలస్యమైంది. నష్టమేమీ లేదు.

కొనేముందు చూసినవి

అప్పు ఇచ్చేముందు లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ తీసుకుంటాం కదా. కారుకూ అంతే. అమ్మేవాడితో సంబంధం లేని వర్క్‌షాపులో తనిఖీ చేయించడం మొదటిది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి సన్నని కెమెరా పంపి సిలిండర్ గోడలు చూశారు. వాడిన ఆయిల్‌ను ల్యాబుకు పంపితే అందులో ఏ లోహం ఎంత ఉందో చెబుతారు. ఇది మనిషికి రక్తపరీక్ష లాంటిది, ఖర్చు కూడా కొద్దిపాటిదే. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు పొడి ఉందేమో చూడడం ఇంకొకటి.

ఇంజన్ కంప్యూటర్ కూడా సాక్ష్యం చెబుతుంది. ఇంజన్‌ను పరిమితికి మించి ఎన్నిసార్లు తిప్పారో స్థాయిల వారీగా అందులో నమోదవుతుంది. ఐదో గేరుకు బదులు పొరపాటున మూడో గేరులోకి వేస్తే జరిగేది అదే. మొత్తం ఎన్ని గంటలు నడిచిందో కూడా ఉంటుంది. మీటరు రీడింగ్‌ను ఆ గంటలతో పోల్చితే మీటరు కథ నిజమో కాదో తెలుస్తుంది.

మొదట చూసిన కారు మెరిసిపోతోంది. సర్వీసు కాగితాలు మాత్రం నాలుగేళ్లవి లేవు. వదిలేశాడు. రెండోదానికి తలుపు దగ్గర చిన్న సొట్ట ఉంది. కానీ మొదటి రోజు నుంచి ప్రతి బిల్లూ ఫైలులో ఉంది, రెండేళ్ల కిందటే కొత్త క్లచ్ వేసిన బిల్లుతో సహా. అది కొన్నాడు. కాగితాలు లేని ఆస్తికి మనం అప్పు ఇస్తామా?

పాత కారును డీలర్‌కు ఇస్తే 9,000 అన్నారు. డీలర్‌కు మార్పిడిగా ఇస్తే తేడా మీదే పన్ను పడుతుంది. అంటే 13,000 మీద 812 డాలర్ల చిల్లర. మొత్తం చేతి నుంచి వెళ్లేది 13,812. సొంతంగా 11,000కు అమ్మి, కొత్తదానికి పూర్తి పన్ను కడితే వెళ్లేది 12,375. సొంతంగా అమ్మడం వల్ల 1,400 డాలర్ల పైచిలుకు మిగిలింది. బేరింగ్ మార్చలేదని, క్లచ్ అరిగిందని ప్రకటనలోనే రాశాడు. కొన్నవాడు మెకానిక్. పని తానే చేసుకుంటానని సంతోషంగా తీసుకెళ్లాడు. తన ప్రమాదాన్ని చెప్పకుండా ఇంకొకడికి అంటగట్టకపోవడం వల్ల మా బావమరిదికి మంచి నిద్ర కూడా పట్టింది.

మన దగ్గర ఎలా?

మా అబ్బాయి "ఆ కారు హైదరాబాదుకు తెచ్చుకోవచ్చా నాన్నా?" అని అడిగాడు. కుదరదు. మన దేశంలోకి వాడిన కార్ల దిగుమతికి మూడేళ్ల వయసు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న వాహనాన్ని నిర్దేశిత సిగ్నల్ పరికరం లేకుండా నడపడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ఒప్పుకోదు.

కానీ ఈ పద్ధతి మాత్రం ఇక్కడికి తెచ్చుకోవచ్చు. మీరు కొనేది చిన్న హ్యాచ్‌బ్యాక్ అయినా సరే, ఆ మోడల్‌లో ఇంజన్, గేరుబాక్సు ఏ ఏడాది మారాయో ముందు తెలుసుకోండి. మారిన ఏడాదికి ఇటువైపు కారు కోసం కాస్త ఎక్కువ పెట్టినా తప్పు లేదు. మారిన ఏడాదికి అటువైపు ఎంత కొత్తది కొన్నా పాత జబ్బే కొన్నట్టు. ఆర్‌సీలో హైపోతికేషన్ ఉంటే ఫారం 35 పడిందో లేదో చూడండి. బదిలీకి ఫారం 29, 30 ఇవ్వాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే కాబట్టి, పన్నెండేళ్ల కారు కొనేటప్పుడు మిగిలిన మూడేళ్లను ధరలో లెక్కవేయండి.

చివరగా ఒక మాట. అమ్మేవాడు చెప్పే ధర ఒకటే అంకె. పన్ను, తరుగు, వడ్డీ, బీమా, రిపేరు కలిపి నాలుగేళ్లకు వేసుకుని, నెలకు ఎంతో తేల్చండి. ఆ అంకెను ఇంట్లో అందరి ముందు పెట్టండి. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు సరే అంటే కొనండి, వద్దంటే ఎందుకో వినండి. మా మామగారు కూడా నెలకు 40 డాలర్లని విన్నాక, "ముందే ఇలా చెప్పొచ్చు కదయ్యా" అన్నారు.